అక్షరం కనబడితే చాలదు

మన పూర్వీకులు కనిపెట్టనిది లేదని, అదంతా తాళపత్రాల్లో ఉందని చెప్పేవాళ్ళు మీకూ తగిలే ఉంటారు. ఏ పత్రం, ఎక్కడుంది అని అడగండి. "శిథిలమైపోయింది, ఇప్పుడెవరూ చదవలేరు" అంటారు. ఆ జవాబు ఇక చెల్లదు.

తాటాకు మీద ఘంటంతో గీసి, గీతల్లో మసి పూసేవారు. ఆకు నల్లబడ్డాక కంటికి రెండూ ఒకటే. పరారుణ కాంతిలో ఫొటో తీస్తే మసి ఆ కాంతిని పీల్చుకుంటుంది, ఆకు తిప్పికొడుతుంది. అక్షరం తేలుతుంది. ఉడుపిలోని మధ్వాచార్యుల సర్వమూల గ్రంథాల ప్రతిని అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పి.ఆర్.ముకుంద్, రోజర్ ఈస్టన్ 2006 నాటికి ఇలాగే చదవడానికి వీలు చేశారు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి, హెర్క్యులేనియంలో పుస్తకాల చుట్టలు బొగ్గైపోయాయి. విప్పితే పొడే. 2023లో ఒక చుట్ట ఎక్స్‌రే స్కాన్ నుంచి ఇద్దరు విద్యార్థులు, ఎవరికి వారు, ఒకేచోట ఒకే గ్రీకు మాట బయటికి తీశారు. ఊదా రంగు అని దాని అర్థం. వాళ్ళ ప్రోగ్రాములకి గ్రీకు రాదు. సిరా జాడ వెతకడమే వాటి పని. ఒకే లెక్కని ఇద్దరు విడివిడిగా కూడితే ఒకే మొత్తం వచ్చినట్టు. అందుకే నమ్మాలి.

నా ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిచింది. అక్కడ చదవగలిగిన వోచరు వేరు, పాసు చెయ్యదగ్గ వోచరు వేరు. కెమెరా ఆకు మీద ఏం రాసుందో చూపిస్తుంది. రాసింది నిజమో కాదో తేల్చదు. ఆ పరీక్ష వేరే చెయ్యాలి. వైమానిక శాస్త్రం సంగతే చూడండి. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులు దాన్ని పరిశీలించారు. అది 1904కి ముందుది కాదని, అందులోని విమానాలు ఎగరవని తేల్చారు. అంతకన్నా పాత ప్రతి ఎవరూ చూపలేదు.

అలాగని తాటాకులన్నీ పుక్కిటి పురాణాలని మనవాళ్ళు కొందరు కొట్టిపారేయడం కూడా సరికాదు. నేనుంటున్న ఈ కలకత్తాలో సర్వేయర్ జనరల్‌గా పనిచేసి 1821లో పోయిన కాలిన్ మెకంజీ, మన కావలి సోదరుల సాయంతో కుప్పలుగా రాతలు సేకరించాడు. విల్సన్ 1828లో ఇక్కడే వాటి జాబితా అచ్చువేశాడు. దక్షిణాది భాషల రాతలు తర్వాత మద్రాసు చేరాయి. వాటిలో ఊళ్ళ కైఫీయతులున్నాయి, కరణాల దండకవిలెల నుంచి తీసిన వివరాలున్నాయి. ఎవరి పొలం ఎంత, మాన్యం ఎవరికిచ్చారు, పన్ను ఎంత కట్టారు అన్న సంగతులు. ఇలాంటివి పురుగు తినేస్తే మన రైతుల చరిత్రే పోతుంది.

కాబట్టి తాటాకులకి ఫొటోలు తీయించమని, తీసినవి అందరూ చూసేలా పెట్టమని ముందు అడగాల్సింది మనమే. చదవడానికి ఇచ్చాక అందులో విమానం ఉందో, శిస్తు లెక్కే ఉందో ఎవరైనా చూసుకోవచ్చు.