పాత కారు అద్దములు

గాజు చెడని వస్తువని మనము తలతుము. ఇనుము త్రుప్పుపట్టును, కొయ్య పుచ్చిపోవును, రబ్బరు బిగుసుకొని పగులును. గాజు మాత్రము పగులనంత కాలము చెక్కుచెదరదని నమ్మకము. బరంపురములోని మా యింట, చెట్టు క్రింద ఏండ్ల తరబడి నిలిచిపోయిన అంబాసిడరు కారు ఆ నమ్మకమును చెరిపివేసినది.

అది మా తండ్రిగారి కారు. వారు పోయిన పిదప దానిని కదిలించినవారు లేరు. అన్నదమ్ములము పూనుకొని ఇంజను బాగుచేయించితిమి, రంగు వేయించితిమి. అద్దములు మాత్రము మీగడ కట్టినట్లు తెల్లగా నుండెను. అన్నియు తీసివేసి క్రొత్తవి బిగింపవలెనని మాలో కొందరి అభిప్రాయము. అమ్మగారు ఒప్పుకొనలేదు. “మీ నాన్నగారు రోజూ తుడిచిన అద్దాలు నాయనా. అవి తీసేస్తే ఇంక అది ఆయన కారేనా?” అనిరి.

బావినీటితో కడిగి తుడువక వదలినచో, నీరు ఆవిరియై సున్నము మిగులును. ఆ మరక క్రొత్తదైనచో వెనిగరులో తడిపిన గుడ్డ చాలును. తడి చాల కాలము నిలిచినచో గాజులోని సోడా అంశమును వెలికి లాగును. ఆ క్షారమే మరల గాజును తినును. అప్పుడది మరక కాదు, గాయము. దానికి మందు సీరియం ఆక్సైడు పొడి. నీటిలో చిక్కగా కలిపి, ఫెల్టు బిళ్ళతో రుద్దవలెను. అది గాజును ఊరక అరగదీయదు. దానితో రసాయనికముగ కలిసి పలుచని పొరను తీసుకొనిపోవును. ఈ సీరియం మోనజైటు ఇసుకలో నుండును. ఆ యిసుక మన గంజాం తీరమున, ఛత్రపురము చెంతనే కలదు. ఆ సంగతి తెలిసిన పిమ్మట పనిలో మాకు మమకారము హెచ్చినది.

ఎండలో రుద్దరాదు. ముద్ద ఆరిపోరాదు, గాజు వేడెక్కినచో పగులును. ఒక్కొక్క తలుపు అద్దమునకు రెండేసి సాయంకాలములు పట్టినవి. గోటికి తగులు గీతలను మేము ముట్టలేదు. ఒకేచోట లోతుగా రుద్దినచో పల్లము పడి, చూపు వంకరపోవును.

ముందద్దము కథ వేరు. అది రెండు గాజు పలకల నడుమ ప్లాస్టిక్కు పొర నతికించి చేసినది. ఈ పద్ధతికి ఫ్రెంచి దేశీయుడు ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో పేటెంటు పొందెను. తొలినాటి సెల్యులాయిడు పొర పసుపుపచ్చనయ్యెడిది. తరువాత వచ్చిన పొరలు మేలైనవే గాని, అంచులనుండి తడి చొచ్చినచో అతుకు వీడి తెల్లబారును. లోపలి ఆ తెలుపును పైనుండి ఎంత రుద్దినను అందుకొనలేము.

అయినను అమ్మగారి మాట త్రోయలేక దానినే ఉంచితిమి. ఒకనాడు గోపాలపురమునుండి తిరిగి వచ్చుచుండగా, ఎదురెండ ఆ తెలుపుపై పడి త్రోవయంతయు మంచు కప్పినట్లయ్యెను. సైకిలుపై వచ్చుచున్న బాలుడు పది బారల దూరమునకు వచ్చువరకు కనబడలేదు. వెనుక కూర్చున్న అమ్మగారును చూచిరి. ఇల్లు చేరువరకు వారు పలుకలేదు.

మరునాడు వారే ముందద్దము మార్పించుమనిరి. పక్క అద్దములు నాలుగును పాతవే. కడిగిన ప్రతిసారి, ఆరకముందే వానిని పొడిగుడ్డతో వారే తుడుతురు.