హ్యాండిల్ తిప్పి చూడు

ఆదోనిలో మా నాయన పెట్టిన సైకిల్ షాపును మేము అన్నదమ్ములము ఇద్దరము నేటికీ నడుపుకుంటున్నాము. నాయన కాలములో అద్దె సైకిళ్లు వరుసగా నిలబడి ఉండేవి. ప్రత్తి మార్కెట్టులో పనిచేసే హమాలీలు, పల్లెలనుండి వచ్చిన రైతులు గంట లెక్కన తీసుకొని పోయేవారు. ఇప్పుడు అద్దె సైకిళ్లు లేవు. పంచర్లు, బ్రేకులు, బడిపిల్లల సైకిళ్లు, ఇదే మా పని. అయినను చేతికి వచ్చిన ఏ సైకిలునైనా బాగుచేయగలమనే ధీమా మాకు ఉండేది. ఆ ధీమా మా యింటి బిడ్డకు చేసిన కీడును గురించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాలో పెద్దవాని కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. పదో తరగతి అయిన వేసవిలో, “నేను షాపులో కూర్చోను నాయనా” అని వాడు చెప్పిన దినమునుండి తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. కోపము లేదు, తగాదా లేదు. “తిన్నావా?” అంటే “తిన్నాను.” “ఎప్పుడు వచ్చినావు?” అంటే “ఇప్పుడే.” అంతే. పిల్లవాడు పెద్దవాడై జీతము తెచ్చుకుంటున్నా ఆ మాటలు మాత్రము పెరగలేదు.

2022 డిసెంబరులో క్రిస్మస్ సెలవులకు వాడు ఒక సైకిలును బస్సులో వేసుకొని వచ్చాడు. విదేశానికి వెళ్లిపోయిన స్నేహితుని వద్ద కొన్న పాత సైకిలు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ములవలె క్రిందికి వంగి ఉన్నది. దానిని షాపు ముందర నిలబెట్టి, “నాయనా, ఒకసారి దీన్ని చూడు” అన్నాడు. ఇన్ని సంవత్సరములలో వాడు సైకిలును గురించి తండ్రిని అడగడము అదే మొదటిసారి.

ఆ సైకిలుకు గేర్లు మార్చేది కరెంటు. మామూలు గేరు సైకిలులో మీట నొక్కితే ఇనుప తీగ లాగబడుతుంది, ఆ లాగుడుకు చైను ఒక పళ్ల చక్రమునుండి మరొకదానికి జరుగుతుంది. దీనిలో లాగే తీగ లేదు. బ్రేకు మీట ప్రక్కన చిన్న బటను ఉన్నది. దానిని నొక్కితే కబురు సన్నని వైరు గుండా పోతుంది, వెనుక ఉన్న బుల్లి మోటారు చైనును జరుపుతుంది. జపాను దేశపు షిమానో కంపెనీ 2009లో ఇటువంటి గేర్లను డీఐ2 అనే పేరుతో అమ్మకానికి తెచ్చింది. మా వాని సైకిలుకు ఉన్నది వెనుక పదకొండు పళ్ల చక్రములు గల రకము.

దాని వైర్ల దారి ఇది. కుడి మీటనుండి ఒకటి, ఎడమ మీటనుండి ఒకటి, హ్యాండిల్‌కు చుట్టిన టేపు క్రిందుగా నడిమికి వస్తాయి. అక్కడ హ్యాండిల్‌ను పట్టి ఉంచే కొమ్మ క్రింద అగ్గిపెట్టెకన్న చిన్నదైన ఒక డబ్బా వ్రేలాడుతుంది. రెండు వైర్లూ దానిలో గుచ్చబడతాయి. చార్జింగు పెట్టే రంధ్రము, చిన్న లైటు కూడా దానికే ఉంటాయి. అక్కడనుండి ఒకే ఒక వైరు ఫ్రేము లోపలికి దిగి, సీటు గొట్టములో దాగియున్న 7.4 వోల్టుల బ్యాటరీకి, ముందు వెనుక మోటార్లకు చేరుతుంది.

ఈ వైర్లను మన ఇంటి వైర్లవలె కోసి అతుకు పెట్టరాదు. రెండు కొనలకూ ప్లగ్గులతో, నిర్ణయించిన పొడవులలోనే దొరుకుతాయి. గనుక కొంత వైరు ఎప్పుడూ మిగులుతుంది. పాత యజమాని ఆ మిగులును చుట్టలు చుట్టి నల్ల టేపు వేశాడు. ఎండకు ఆ టేపు జిగురు కారి దుమ్ము పట్టింది. ముందరినుండి చూస్తే చిక్కుపడిన నూలు కండెవలె ఉన్నది.

బిడ్డ మొదటిసారి అడిగాడు గదా అని మాకు ఉత్సాహము కలిగింది. ఆ రాత్రి వాడు నిద్రపోయిన తరువాత షాపులో లైటు వేసుకొని కూర్చున్నాము. జిగురంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాము. మీటలనుండి వచ్చే వైర్ల మిగులును హ్యాండిల్ టేపు క్రిందికి మడిచి పెట్టాము. ఇంతవరకు పని బాగానే ఉన్నది. డబ్బానుండి ఫ్రేములోనికి పోయే వైరు మాత్రము వంపుగా బయటకు ఉబికి కనబడుతూ ఉన్నది. దానిని వెనుక బ్రేకు కేబులుతో కలిపి ఒక కట్టగా చేసి, ప్లాస్టిక్ టైలతో ఫ్రేముకు ఆనించి బిగించాము. మాలో చిన్నవాడు టై లాగుతుంటే పెద్దవాడు, “ఇంకా బిగించప్పా, తీగ కనబడకూడదు” అన్నాడు. చిన్నవాడు బిగించాడు. తెల్లవారి పిల్లవాడు లేచి చూసి, “అబ్బా, కొత్తదాని లెక్క చేసినారే!” అన్నాడు. తండ్రి ముఖములో ఆనాడు కనబడిన వెలుగును మేము మరువలేము.

ఆ ఉదయమే వాడు జేజిని చూడడానికి ఎమ్మిగనూరుకు బయలుదేరాడు. అక్కడనుండి మంత్రాలయము దాకా పోయి తుంగభద్రను చూసి తిరిగి వస్తానన్నాడు. ఎమ్మిగనూరు మాకు సుమారు ముప్పై కిలోమీటర్లు. పదకొండు గంటలకు ఫోను వచ్చింది. ఎమ్మిగనూరు ఇంకా కొంత దూరముండగా పడిపోయాడట. ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయారట. మేము వెళ్లేసరికి కుడి మణికట్టుకు కట్టు కట్టి ఉన్నది. ఎముక బీటవారిందని చెప్పారు. ఆ చేతి వ్రేళ్లతోనే గదా వాని జీవనము! “ఎట్ల పడినావు?” అని అడిగితే, “మేకలు అడ్డమొచ్చినాయి నాయనా, ఇసుకలో చక్రము జారింది” అన్నాడు.

సైకిలును ఇంటికి తెచ్చి స్టాండు మీద పెట్టాము. చూడగానే మా గుండె జారిపోయింది. డబ్బాలోనుండి ఫ్రేముకు పోయే వైరు ప్లగ్గు ఊడి వ్రేలాడుతున్నది. మేము వేసిన ఒక టై తెగి ఉన్నది. హ్యాండిల్‌ను ఎడమకు తిప్పి చూశాము, సగము తిరిగి ఆగిపోయింది. మెల్లగా పోతూ ఉండగా మేకల మంద ఎదురైనప్పుడు వాడు హ్యాండిల్‌ను ఒక్కసారిగా తిప్పియుంటాడు. మేము ఫ్రేముకు బిగించిన కట్ట దానిని తిరగనివ్వలేదు. వాడిని పడవేసినది ఇసుక కాదు, మేము వేసిన ముడి.

ఆ మాట మేము ఒకరితో ఒకరము చెప్పుకోలేదు. బిగించినది నేనే గదా అని చిన్నవాడు, బిగించమన్నది నేనే గదా అని పెద్దవాడు, ఎవరికి వారము లోపల కుమిలిపోయాము. వాని మాటను పట్టుకొని మేము కూడ ఇసుక అనే అందరికీ చెప్పాము. చూడవచ్చిన బంధువులు ఆ దారిని తిట్టిపోతుంటే తలలు వంచుకొని విన్నాము. రెండు దినములు అలాగే గడిచాయి.

రెండవనాటి రాత్రి భోజనమువద్ద పిల్లవాడు ఎడమచేతితో అన్నము కలుపుకోలేక తిప్పలు పడుతున్నాడు. పెద్దవాడు చేయి కడుక్కొని లేచి, వానికి ముద్ద కలిపి పెడుతూ, “ఇసుక కాదు నాయనా. మేము వైరు బిగించి కట్టినాము. హ్యాండిల్ తిరగలేదు. నీ చేయి విరిచింది మేమే” అన్నాడు. చిన్నవాడు, “కట్టింది నేను” అన్నాడు. పిల్లవాడు కొంచెము సేపు పలుకలేదు. తరువాత, “నాకు తెలుసు నాయనా. పడినప్పుడే చూసినాను. మొదటిసారి నా సైకిలు ముట్టుకున్నారు, ఈ మాట చెబితే మళ్లీ ముట్టుకోరని చెప్పలేదు చిన్నాయనా” అన్నాడు. ఆ యింట ఎవరమూ అన్నము మ్రింగలేకపోయాము.

మా అమ్మ కూడ అప్పుడు మా యింటనే ఉన్నది. ఆమె పుట్టినిల్లు ఎమ్మిగనూరులోని నేతగాండ్ల యిల్లు. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమునకు ఆమె తండ్రి బట్ట నేసి ఇచ్చేవాడు. మా మాటలన్నీ విని ఆమె ఇట్లన్నది: “దారాన్ని వదిలేస్తే చిక్కు పడుతుంది, మరీ బిగిస్తే తెగుతుంది. మీ నాయన డైనమో లైటు కట్టేటప్పుడు ఏమి చేస్తుండెనో మరిచిపోయినారా?”

నిజమే, మరిచిపోయాము. నాయన డైనమోనుండి ముందు లైటుకు వైరు లాగేటప్పుడు, కట్టకముందు హ్యాండిల్‌ను ఈ కొసకు ఒకసారి, ఆ కొసకు ఒకసారి తిప్పేవాడు. ఎక్కువ దూరమైన వైపుకు చాలినంత వైరు వదలి, ఆ తరువాతనే కట్టేవాడు. “రేయ్, హ్యాండిల్ తిప్పి సూడు, ఆమీద కట్టు” అని మమ్మును ఎన్నిసార్లు గద్దించాడో! ఇది కరెంటు గేర్ల సైకిలు, ఖరీదైనది, మనకు తెలియనిది అని అనుకొని, మనకు తెలిసినదానిని కూడ ప్రక్కన పెట్టేశాము.

మరునాడు ముగ్గురమూ కలిసి కూర్చున్నాము. పిల్లవాడు ఎడమచేతిలో ఫోను పట్టుకొని కంపెనీవారి సూచనలు చదువుతుండగా మేము పని చేశాము. ఇటువంటి సైకిలు మీ యింటికి కూడ రావచ్చును గనుక ఆ వరుస చెప్పుతున్నాము.

మొదట పాత కట్లన్నీ కోసివేసి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరివరకు తిప్పి చూశాము. డబ్బా హ్యాండిల్‌తోపాటు తిరుగుతుంది, ఫ్రేము తిరగదు. ఆ రెండింటి మధ్యనున్న వైరుకే వదులు కావలెను. మీటలనుండి డబ్బాకు వచ్చే వైర్లు హ్యాండిల్‌తోనే తిరుగుతాయి గనుక వాటి మిగులును టేపు క్రింద దాచవచ్చును, కాని మెలిక పడకుండ మడవవలెను. ఫ్రేములోనికి పోయే వైరును బ్రేకు కేబులు ప్రక్కనే నడిపించాము, ఫ్రేముకు మాత్రము ఎక్కడా కట్టలేదు. రెండింటినీ కలిపి చుట్టిన సన్నని ప్లాస్టిక్ చుట్టను కూడ వదులుగానే ఉంచాము. టై కొనలను గోటికి తగలకుండ నున్నగా కోశాము.

ప్లగ్గు గుచ్చడానికి ఒక చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంటుంది. టక్కుమని వినబడేవరకు దానితో నొక్కవలెను. డబ్బాను మరీ లోపలికి నెట్టలేదు, చార్జింగు రంధ్రము చేతికి అందవలెను, లైటు కంటికి కనబడవలెను. బటనును కొంచెము సేపు నొక్కిపట్టితే పచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది, అంటే బ్యాటరీ నిండుగా ఉన్నదన్నమాట. పచ్చగా మిణుకుమంటే సగము. ఎర్రగా వెలిగితే పావు వంతు. ఎర్రగా మిణుకుమంటే ఖాళీ. చివరగా చక్రమును పైకెత్తి, హ్యాండిల్‌ను అటు చివర, ఇటు చివర పెట్టి, ప్రతి గేరునూ వేసి చూశాము. అన్నీ పడ్డాయి.

అమెరికావారి శ్రామ్ కంపెనీ 2015లో ప్రకటించిన రకములోను, షిమానో 2021లో తెచ్చిన పన్నెండు చక్రముల రకములోను, మీటలనుండి కబురు గాలిలోనే పోతుందని పిల్లవాడు చెప్పాడు. హ్యాండిల్ వద్ద ఈ గేరు వైర్ల గొడవ లేదు, మీటలలోని బిళ్ల బ్యాటరీని మాత్రము అప్పుడప్పుడు మార్చవలెనట. అయినను బ్రేకుకు పోయే గొట్టమో కేబులో ఎట్లాగూ ఉంటుంది గనుక హ్యాండిల్‌ను తిప్పి చూసే పని దానికీ తప్పదు.

పని ముగిసిన తరువాత చూస్తే, ముందరి రాత్రి మేము చేసినంత సొగసుగా లేదు. డబ్బా వద్ద వైరు కొంచెము వంపు తిరిగి బయటకు కనబడుతూనే ఉన్నది. మాలో పెద్దవాడు దానివైపు చూసి, “కనబడనీలే” అన్నాడు. పిల్లవాడు నవ్వాడు.

చేయి మానిన తరువాత వాడు మరల వచ్చి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయము పోయివచ్చాడు. ఆ సాయంత్రము తండ్రికి ఎదురుగాలి సంగతి, గేర్ల సంగతి, నదిలో నీళ్ల సంగతి ఒక గంటసేపు చెప్పాడు. ఇప్పుడు హైదరాబాదునుండి ఫోను చేసినప్పుడు “తిన్నావా?” దగ్గర ఆగిపోవడము లేదు. ఏదైనా పొరపాటైతే పొరపాటని ఒకరికొకరము చెప్పుకుంటున్నాము, అది సొగసుగా లేకపోయినా.

మా షాపులో సైకిలు స్టాండుకు ఎదురుగా గోడమీద సుద్దముక్కతో ఒక మాట వ్రాసిపెట్టుకున్నాము. అది నాయన మాటే. కట్టకముందు హ్యాండిల్ తిప్పి చూడు.