ఆగ్నేయాన ఖిబ్లా: స్కాట్లాండు దీవుల్లో కొన్ని రోజులు

మన ఊళ్లలో ఖిబ్లా అంటే పడమర. స్కాట్లాండులో ఆగ్నేయం. దిక్కుతో పాటు పొద్దు లెక్క కూడా అక్కడ మారిపోతుంది. జూన్ నెలలో ఉత్తర దీవుల్లో సూర్యుడు రాత్రి పదిన్నర ప్రాంతంలో అస్తమించి, తెల్లవారుజామున నాలుగున్నర లోపే ఉదయిస్తాడు. ఆ కాస్త వ్యవధిలో కూడా ఆకాశపు అంచున వెలుగు పూర్తిగా ఆరిపోదు. అలాంటి చోట ఇషా, ఫజర్ వేళలను ఎలా నిర్ణయించాలన్న విషయంలో ధర్మవేత్తలు ఒకటికి మించిన పరిష్కారాలు చూపారు. మేము మాత్రం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మస్జిద్ సమయపట్టికనే అనుసరించాము.

మేము మూడు కుటుంబాల వాళ్లం. హైదరాబాదులో కలిసి చదువుకున్న స్నేహం మాది. మాలో ఒకరు వైద్యులు, చాలా ఏళ్లుగా గ్లాస్గోలో స్థిరపడ్డారు. మిగిలిన రెండు కుటుంబాలు ఇక్కడి నుంచి బయలుదేరాయి. అందరికీ అది విహారయాత్రే, వైద్యమిత్రుడి కుటుంబానికి మాత్రం అంతకు మించినది. దూరాన ఉన్న లూయిస్ దీవి ఆసుపత్రిలో ఆయనకు ఉద్యోగావకాశం వచ్చింది. పని నచ్చింది, ప్రశాంతత నచ్చింది. అయితే పదునాలుగేళ్ల కొడుకు, తొమ్మిదేళ్ల కూతురు ముస్లిములు కొన్ని పదుల సంఖ్యలో మాత్రమే ఉన్న చోట తమ ధర్మాన్ని నేర్చుకుంటూ పెరగగలరా? భాభీ మనసులోని ఈ సందేహాన్ని కూడా మా సామానుతో పాటు వ్యానులో ఎక్కించుకొని బయలుదేరాము.

ఎడిన్‌బరోలో రెండు రోజులున్నాము. చల్లారిన అగ్నిపర్వతపు శిలమీద నిలిచిన కోటను, నగరపు పాత వీధులను చూశాము. 1998లో ప్రారంభమైన సెంట్రల్ మస్జిద్‌లో నమాజు చేశాము. స్కాటిష్ కోటల బురుజుల పోలికను, ఇస్లామీ వాస్తురీతిని కలిపి కట్టిన ఆ భవనం పరాయి ఊళ్లో నిలబడినట్లు ఉండదు. ఆ ఊరి రాయే, ఆ ఊరి రంగే.

అక్కడి నుంచి ఇన్వర్నెస్ మీదుగా పడమటి తీరానికి సాగే దారిలో గ్లెన్‌క్యారన్ అనే లోయ వస్తుంది. యాత్రికులు సాధారణంగా ఇక్కడ ఆగరు. మేము ఆగాము. లేడీ ఎవెలిన్ కాబోల్డ్ సమాధి ఇక్కడి కొండవాలున ఉంది. ఆమె 1867లో ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి డన్మోర్ ప్రభువు. బాల్యంలో శీతకాలాలు ఉత్తర ఆఫ్రికాలో గడపటం వల్ల అక్కడి ముస్లిం పిల్లలతో ఆడుకుంటూ పెరిగారు. ఇస్లాం ఆమె మనసులోకి ఏ రోజున ప్రవేశించిందో ఆమె కూడా చెప్పలేకపోయారు. జైనబ్ అన్న పేరు స్వీకరించారు. 1933లో, 65 ఏళ్ల వయసులో హజ్ చేశారు. బ్రిటన్‌లో పుట్టి హజ్ చేసినట్లు నమోదైన తొలి ముస్లిం మహిళ ఆమెయే. మరుసటి ఏడాది తన యాత్రను గ్రంథంగా ప్రచురించారు. 1963 జనవరిలో మరణించినప్పుడు జనాజా నమాజు చేయించటానికి సుదూర దక్షిణాన ఉన్న వోకింగ్ మస్జిద్ నుంచి ఇమాము మంచులో ప్రయాణించి వచ్చారు. ఆమె కోరిక ప్రకారం మక్కా దిశకు అభిముఖంగా ఖననం చేసి, సమాధి రాతిమీద నూర్ సూరాలోని వాక్యం చెక్కించారు.

వాన ఎడతెగక కురుస్తోంది. కొండవాలంతా చిత్తడి. దారి పక్కనే నిలబడి దుఆ చేశాము. చుట్టుపక్కల వందల మైళ్ల మేర మస్జిద్ లేని కాలంలో ఆమె ఆ లోయలో ఒంటరిగా తన విశ్వాసాన్ని నిలుపుకున్నారు. ఇంగ్లీషులో రాసి ఉన్న ఆమె జీవిత విశేషాలను వ్యానులో కొడుకు బిగ్గరగా చదివాడు. భాభీ ఏమీ అనలేదు.

స్కై దీవి గురించి ఎక్కువగా రాయనవసరం లేదు. దాని అందం ఫోటోల్లో కనబడేంతా నిజమే. ఫోటోల్లో కనబడనివి మిడ్జ్ అనే అతిచిన్న కుట్టుడు దోమలు. గాలి ఆగిందంటే మేఘంలా కమ్ముకుంటాయి. ఆ దీవి నుంచి నౌకలో గంటన్నరకు పైగా ప్రయాణిస్తే హ్యారిస్ వస్తుంది. హ్యారిస్, లూయిస్ అని రెండు పేర్లున్నా నేల ఒక్కటే. దక్షిణాన కొండలు, తెల్లని ఇసుక తీరాలు. ఉత్తరాన చెట్లు లేని చిత్తడి మైదానాలు. ఆ నేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో కాలుస్తారు. దాన్ని పీట్ అంటారు.

హ్యారిస్ ట్వీడ్ అనే ఉన్ని బట్ట ప్రపంచ ప్రసిద్ధం. ఈ దీవుల వాసులు తమ ఇళ్లలో చేతిమగ్గం మీద నేసిన దానికే ఆ పేరు చెల్లుతుందని 1993లో చట్టమే చేశారు. 19వ శతాబ్దపు మధ్యలో ఈ బట్టను లండను సంపన్నులకు పరిచయం చేసి నేతగాళ్లకు బతుకు చూపినది డన్మోర్ ప్రభువు భార్య కేథరిన్. ఆమె మన లేడీ ఎవెలిన్‌కు నాయనమ్మ. ఈ సంగతి తెలిశాక మాతో ఉన్న స్త్రీలకు ఆ దుకాణంలో ఆసక్తి రెట్టింపయింది. ధరలు తెలిశాక మళ్లీ సగమయింది.

లూయిస్ ముఖ్యపట్టణం స్టోర్నోవే. గురువారం సాయంత్రం చేరుకొని, శుక్రవారం జుమాకు వెళ్లాము. బయటి హెబ్రిడీస్ దీవుల తొలి మస్జిద్ ఇది. శిథిలావస్థలో ఉన్న పాత ఇంటిని బాగుచేసి, 2018 మే నెలలో, రమజాన్‌కు కొద్ది రోజుల ముందు ప్రారంభించారు. ఆన్‌లైన్ విరాళాలు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చాయి. అభ్యంతరం చెప్పినవారు లేకపోలేదు గాని, పొరుగువారిలో ఎందరో ఆదరించారు. అంతకు ముందు దశాబ్దాల పాటు ఇళ్లలోనే జమాఅతు నడిచింది. 2016 నుంచి కొన్ని సిరియా కుటుంబాలు కూడా ఆశ్రయం పొంది ఇక్కడికి చేరాయి.

నమాజు తర్వాత ఒక వృద్ధులు మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చారు. పంజాబు నుంచి వచ్చిన తొలితరం ముస్లిములు సూట్‌కేసు నిండా బట్టలు పెట్టుకొని, ఊరూరా తిరిగి, గడప గడపకూ అమ్మారట. ఆ గడపల్లో మాట్లాడే భాష గేలిక్. కొందరు ఇంగ్లీషు కన్నా ముందు గేలిక్కే నేర్చుకున్నారని చెప్పి ఆయన నవ్వారు. తర్వాత దుకాణాలు పెట్టుకున్నారు. ఆదివారం వాటిని మూసే ఉంచారు. “పొరుగువాని పవిత్ర దినం అది. ఒక్క రోజు అమ్మకం పోతే ఏమవుతుంది?” అన్నారు.

భాభీ స్త్రీలను ఒకే ప్రశ్న అడిగారు: పిల్లలకు ఖుర్ఆన్ ఎవరు నేర్పిస్తారు? “నిన్నటిదాకా మేమే. మీరొస్తే మీరు కూడా” అని జవాబు వచ్చింది.

శనివారం కాలనీష్ చూశాము. సుమారు 5,000 ఏళ్ల కిందట మనుషులు నిలబెట్టిన శిలావలయం అది. శిల వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. మధ్యాహ్నం లూస్ కోటలోని మ్యూజియానికి వెళ్లాము. 1831లో ఈ దీవిలో దొరికిన, 12వ శతాబ్దపు వాల్‌రస్ దంతపు చదరంగం బొమ్మలు ఆరు అక్కడున్నాయి. మన దేశపు ఆట ఇరాన్, అరబ్బు దేశాల మీదుగా ఇంతదూరం వచ్చింది. కోట చరిత్ర అంత ముచ్చటైనది కాదు. 1844లో ఈ దీవినే కొనేసిన జేమ్స్ మథీసన్ దాన్ని కట్టించాడు. అతని సంపదలో పెద్ద భాగం చైనాకు నల్లమందు అమ్మి గడించినది. ఆ నల్లమందు భారతదేశపు పొలాల్లో పండినదే.

తెలుగువారు మరచిపోకూడని మరొక మనిషి ఈ ఊరివాడే. 1754 ప్రాంతంలో స్టోర్నోవేలో పుట్టిన కోలిన్ మెకంజీ 1783లో కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల చరిత్రలను, శాసనాలను, దానాల వివరాలను సేకరించాడు. ‘కైఫియత్తులు’ అని మనం పిలిచేవి అవే. మాట కూడా అరబ్బీ నుంచి వచ్చినదే. భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా పనిచేసి, 1821లో కలకత్తా సమీపంలో మరణించాడు. 1799లో టిప్పు సుల్తాన్ అమరుడైన శ్రీరంగపట్నం ముట్టడిలో ఇంజనీరుగా పనిచేసినది కూడా ఇతడే. మన ఊళ్ల జ్ఞాపకాన్ని కాపాడిన చేయి, మన ఊళ్లను జయించిన చేయి ఒక్కటే. ఒకదాన్ని చెప్పి రెండవదాన్ని దాచితే అది చరిత్ర కాదు.

ఆదివారం ఊరు ఆగిపోయింది. ఇక్కడి ప్రెస్బిటీరియన్ క్రైస్తవులు ఆ దినాన్ని అతి నిష్ఠతో పాటిస్తారు. 2009 వరకు స్టోర్నోవే నుంచి ఆదివారం ప్రయాణికుల నౌక కూడా కదలలేదు. ఇప్పుడు కొంత సడలింది. 2024 నవంబరు నుంచి ఒక పెద్ద సూపర్ మార్కెట్ ఆదివారం కూడా తెరుస్తున్నారు. దానిపై ఊళ్లో పెద్ద వివాదమే జరిగింది. అయినా మేము నడిచిన వీధుల్లో చాలా తలుపులు మూసే ఉన్నాయి. నల్లని దుస్తుల్లో వృద్ధులు చర్చికి నడిచి వెళుతున్నారు. లోపలి నుంచి గేలిక్ కీర్తనలు వినవచ్చాయి. వాద్యం లేదు. ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు తమతమ స్వరంలో అలలా అందుకుంటారు.

“ఇంతకీ వీళ్లకు నష్టం రాదా?” అన్నాడు కుర్రవాడు. జుమా పిలుపు విన్నప్పుడు క్రయవిక్రయాలు ఆపమని మనకు స్పష్టమైన ఆదేశం ఉంది. ఆ వేళకు మన బజార్లలో ఎన్ని షట్టర్లు దిగుతున్నాయో మేము అతనికి చెప్పలేదు. వాళ్ల నాన్న మాత్రం “వస్తుంది. తెలిసే వదులుకుంటారు” అన్నారు.

సోమవారం ఉదయపు నౌకలో అల్లాపూల్ చేరి, రాత్రికి గ్లాస్గోకు వచ్చాము. క్లైడ్ నది ఒడ్డున అక్కడి సెంట్రల్ మస్జిద్ విశాలంగా నిలబడి ఉంది. పిల్లల మద్రసా, హలాల్ మాంసం, ఉర్దూ, పంజాబీ మాటలు, అన్నీ నడక దూరంలో దొరుకుతాయి. అన్నీ ఉన్న చోట పిల్లలు మస్జిద్‌కు వెళ్లటం అమ్మానాన్నలు తరిమితేనే జరుగుతోందని మిత్రుడే ఒప్పుకున్నారు. అలాగని ఏమీ లేని చోటికి వెళితే అంతా చక్కబడుతుందని నమ్మటం కూడా అమాయకత్వమే. ఆ రెండు మాటలూ భాభీయే అన్నారు.

మేము తిరుగు విమానం ఎక్కేనాటికి ఆసుపత్రికి జవాబు వెళ్లలేదు. గడువు ఇంకా పన్నెండు రోజులుంది. బయలుదేరే ముందు రాత్రి భాభీ, స్టోర్నోవేలో పరిచయమైన ఒక సోదరితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. డిసెంబరులో అక్కడ మూడున్నర దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి అస్ర్ వేళ మిగిలి ఉంటుందా, లేక బడిలోనే చదువుకోనిస్తారా అని అడుగుతున్నారు.