అడవి నెత్తురులో ఉంటుందా?

పోయిన డిసెంబరులో మేము ఏజెన్సీ నుంచి మా బడి పిల్లల్ని విశాఖపట్నం జూకి తీసుకువెళ్ళాం. చీకటితోనే బయలుదేరి, ఘాట్ రోడ్డు మలుపుల్లో సగంమందికి వాంతులై, ఎండ ముదిరే వేళకు గేటు దగ్గర దిగాం. 1977లో తెరిచిన ఆ జూ కంబాలకొండ అడవిని ఆనుకుని ఉంటుంది. ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. గోడకు అవతల పేరులేని చిరుతలు తిరుగుతుంటాయి. ఇవతల బోర్డు మీద పేరున్న చిరుతలు ఉంటాయి.

మా పిల్లల్లో ఒక్కరూ పెద్దపులిని చూసి ఎరుగరు. మా తాతల కాలంలో పులి కబుర్లు ఇంటింటా ఉండేవి. ఇప్పుడవి పాఠ్యపుస్తకంలో బొమ్మ అయ్యాయి. అందుకే అందరూ ముందు పులి దగ్గరికే పరుగు తీశారు.

పులి కందకానికి అవతల నీడలో పడుకుని ఉంది. నలభైమంది పిల్లలు కేకలు వేస్తున్నా చెవి కూడా కదపలేదు. "బొమ్మేమో మాస్టారూ" అన్నాడు ఒకడు. అంతలో అందరికంటే పొట్టివాడు, ఐదో తరగతి కుర్రాడు, చెప్పు ఊడిందని గుంపులోంచి పక్కకు జరిగి, పులికి వీపు పెట్టి కింద కూర్చున్నాడు. పులి తల లేచింది. చెవులు ముందుకు తిరిగాయి. పొట్ట నేలకు ఆనించినట్టుగా వంగి, ఒక్కో అడుగే వేస్తూ కందకం అంచుదాకా వచ్చింది. అది చూస్తున్నది మమ్మల్ని కాదు, వాడొక్కణ్ణే. వాడు లేచి నిలబడ్డాడు. పులి ఆగిపోయింది. కాసేపు అలాగే చూసి, ఆవులించి, వెనక్కి పోయి పడుకుంది.

కీపర్‌ని అడిగితే, "ఇది ఇక్కడే పుట్టిందండి. దీని తల్లీ జూలోదే. అడవి మొహం చూడలేదు" అన్నాడు.

"మరి దానికి ఎవరు నేర్పారు మాస్టారూ?" అని అడిగింది ఏడో తరగతి అమ్మాయి.

మేము నోరు తెరిచేలోపు, పక్కన నిలబడి చూస్తున్న ఒక పెద్దమనిషి అందుకున్నాడు. "నేర్పక్కర్లేదమ్మా. అది నెత్తురులోనే ఉంటుంది. మీరు ట్రైబల్ పిల్లలు కదా, మీకూ అంతే. అడవి మీ రక్తంలోనే ఉంది."

ఆయన మెచ్చుకుంటూనే అన్నాడు. పిల్లలు మురిసిపోయారు. మేమూ నవ్వి ఊరుకున్నాం. తిరిగి ఘాటీ ఎక్కుతున్నప్పుడు ఆ మాట మాకు ముల్లులా తగలడం మొదలైంది. పులి గురించి ఆయన అన్నది చాలావరకు నిజమే. మన గురించి అన్నది నిజం కాదు. ఆ తేడా మన యువత, మన పిల్లలకు పాఠం చెప్పే టీచర్లు తెలుసుకోవాలి.

ముందు పులి సంగతి చూద్దాం. పులి ఎక్కువగా వెనకనుంచి దాడి చేస్తుంది. తనను చూస్తున్న ముఖానికి వెనకాడుతుంది. అందుకే సుందర్‌బన్స్‌లో 1986లో, తేనెకూ కట్టెకూ అడవిలోకి పోయేవాళ్ళు తల వెనక మనిషి ముఖం ఉన్న మాస్కులు కట్టుకుని చూశారు. కొంతకాలం అది పనిచేసింది కూడా. పులి ఎదురైతే వంగవద్దు, పరుగెత్తవద్దు అని మా పెద్దలు చెప్పింది కూడా ఇందుకే. వంగినవాడు, ఒంటరిగా ఉన్నవాడు, వీపు చూపినవాడు దాని కంటికి వేట. జూలో తరాలు గడిచినా ఆ చూపు పోదు. పాఠ్యపుస్తకాలు దీన్ని సహజాతం అంటాయి.

పోట్లాడడానికి మరో పులి లేని ఆవరణలో కూడా పులి చెట్టు మొదలు మీద మూత్రం చిమ్మి హద్దు గీస్తుంది. మాంసం వేళకు వస్తున్నా కంచె వెంట ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు అదే దారిలో గంటలకొద్దీ నడుస్తుంది. చూసేవాళ్ళు "షికారు చేస్తోంది" అంటారు. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎన్నో మాంసాహార జంతువులను పోల్చి చూశారు. అడవిలో ఎంత దూరం తిరిగే జాతి అయితే, బందీగా ఉన్నప్పుడు అంత ఎక్కువగా ఇలా తచ్చాడుతుందని, వాటి పిల్లలు కూడా ఎక్కువగా చనిపోతాయని తేల్చారు. ఆ నడక షికారు కాదు. చేయడానికి పని దొరకని కాళ్ళ నడక.

మాలిమి అయిన జంతువు వేరు, పెంపుడు జాతి వేరు. 1959లో సైబీరియాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల మీద ప్రయోగం మొదలుపెట్టాడు. ప్రతి తరంలోనూ మనిషికి బెదరని నక్కలను మాత్రమే ఏరి పిల్లలు పెట్టించాడు. ఎన్నో తరాలు గడిచాక అవి కుక్కల్లా తోక ఊపుతూ మనిషి దగ్గరికి వచ్చాయి. నక్క పుట్టుబుద్ధిని మార్చడానికి అంత ఏరివేత కావలసివచ్చింది. జూ పులిని ఎవరూ అలా ఏరలేదు. కీపర్ గొంతు గుర్తుపట్టి గుర్రుమన్నంత మాత్రాన అది పిల్లి కాదు.

ఇది మరచిపోయినచోట ప్రాణాలు పోయాయి. 2016 జూలైలో బీజింగ్ దగ్గర ఒక సఫారీ పార్కులో ఒక మహిళ కారు దిగగానే పులి మీద పడింది. ఆమెను కాపాడబోయిన తల్లి చనిపోయింది. కారు ఆ పులికి రోజూ కనిపించే బండరాయి లాంటిది. కారు దిగిన మనిషి వేట. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఆవరణలోకి దిగిన ఒక మనిషి కూడా అలాగే చనిపోయాడు. ఆ జంతువుల తప్పు ఇందులో ఏమీ లేదు. అవి తమ పుట్టుబుద్ధి ప్రకారం నడుచుకున్నాయి.

పెద్దమనిషి చెప్పింది ఇంతవరకు సరే. దీనికి రెండో సగం ఉంది. పులికి కూడా అంతా నెత్తురులో రాదు. మాటు వేయాలన్న కోరిక పుట్టుకతో వస్తుంది. ఎక్కడ మాటు వేయాలి, గాలి ఎటు ఉంటే ఎటు నుంచి పోవాలి, గొంతు ఎలా పట్టాలి, ఏ జంతువు జోలికి పోకూడదు అన్నది తల్లి నేర్పుతుంది. పిల్లలు దాదాపు రెండేళ్ళు తల్లి వెనక తిరిగి, చూసి, తప్పులు చేసి నేర్చుకుంటాయి.

2023 మార్చిలో నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గర, నల్లమల అంచు పల్లెలో నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. అటవీ సిబ్బంది రాత్రులు కాపలా ఉండి తల్లి కోసం వెతికారు. తల్లి దగ్గరకు చేర్చలేకపోయారు. చివరికి కూనలను తిరుపతి జూకి తరలించారు. అవి నల్లమల నెత్తురు పిల్లలే. అయినా తల్లి లేకపోయేసరికి వాటిని అడవిలో వదలడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. నెత్తురు ఒక్కటే చాలితే జూ దాకా పోవలసిన పని ఏముంది?

నేర్చుకునే అవకాశం ఇస్తే ఏమవుతుందో కూడా మన దేశంలోనే చూశాం. మధ్యప్రదేశ్‌లోని కన్హాలో తల్లి పోయిన రెండు ఆడకూనలను పెద్ద కంచె లోపల పెంచారు. మనుషులకు అలవాటు పడకుండా చూసి, లోపల జింకలను వేటాడి నేర్చుకోనిచ్చారు. 2011లో వాటిని, పులులు పూర్తిగా అంతరించిపోయిన పన్నా అడవిలో వదిలారు. అవి బతికాయి, పిల్లలను కన్నాయి. పుట్టుబుద్ధికి నేర్చుకునే చోటు తోడైంది.

ఇక మన సంగతి. "అడవి మీ రక్తంలో ఉంది" అన్న మాటలో పొగడ్త ఉంది, దాని వెనక ఒక చిన్నచూపు కూడా ఉంది. మనవాళ్ళకు తెలిసినదంతా జంతువుకు తెలిసినట్టే తెలిసిందని, చదువు కాదని దాని అర్థం. చేదు అడవి దుంపను తీసుకోండి. పచ్చిది తింటే గొంతు పట్టేస్తుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. పలచగా కోసి, ఉడకబెట్టి, గంపలో వేసి పారే నీళ్ళలో ఉంచి విషం పోగొడతారు. ఎంతసేపు ఉడకాలి, ఎన్ని నీళ్ళు మారాలి అన్నది ఏ నెత్తురూ చెప్పదు. ఎవరో చూశారు, ఎవరో తప్పు చేసి అనుభవించారు, ఎవరో గుర్తుపెట్టుకుని కూతురికి చెప్పారు. అది ప్రయోగశాల చదువుకు తక్కువ కాదు. తేనెపట్టు దగ్గర పొగ పెట్టే పద్ధతి, అడ్డాకు కోసినా తీగ బతికేలా కోసే తీరు, అన్నీ అంతే.

చదువు అయితే, చెప్పేవాళ్ళు లేకపోతే పోతుంది. మా పిల్లలు ఆరేళ్ళకే హాస్టల్‌కి వస్తారు. మేమూ అలాగే వచ్చాం. మాకు లెక్కలు వచ్చాయి, ఇంగ్లీషు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. దానికి మేము చింతించడం లేదు. పిల్లల్ని బడి మాన్పించమని ఎవరికీ చెప్పం. కానీ సెలవుల్లో ఇంటికి పోయి, ఫోన్ పట్టుకుని కూర్చుని, "మనం అడవి బిడ్డలం" అని పాట పెట్టుకుంటే అడవి మనలో ఉండిపోదు. పులి జూలో నాలుగు తరాలున్నా పులిచూపు మిగులుతుంది. మన దగ్గర ఒక్క తరం వినడం మానేస్తే దుంప విషం ఎలా పోతుందో చెప్పేవాళ్ళు మిగలరు.

ఇదంతా మేము ఆ రాత్రి బస్సులో మాట్లాడుకున్నాం. మర్నాడు ఆ అమ్మాయి ప్రశ్నకు క్లాసులో జవాబు చెప్పాం. పులికి ఏది పుట్టుకతో వచ్చింది, ఏది తల్లి నేర్పాలి అని బోర్డు మీద రెండు వరుసలు రాయించాం. మూడో వరుసలో "మనకు ఎవరు నేర్పారు?" అని రాసి ఖాళీగా వదిలాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి, పెద్దవాళ్ళ దగ్గర ఒక్క పని నేర్చుకుని రమ్మన్నాం. అడిగి రాసుకుని రావడం కాదు, చేతులతో చేసి రావాలి అన్నాం.

సెలవుల తర్వాత మూడో వరుస కొంచెం నిండింది. చెప్పు ఊడిన కుర్రాడు చీపురుగడ్డి కట్ట కట్టడం నేర్చుకొచ్చాడు. జూలో ప్రశ్న అడిగిన అమ్మాయి దుంప కోసి, ఉడికించి, వాగులో పెట్టి, మర్నాడు తిని వచ్చింది. ఎన్ని నీళ్ళు మారాలో లెక్కతో సహా చెప్పింది. చెప్పడం అయ్యాక కొంచెం తటపటాయించి, "మా మామ్మ ఒకటి అడగమంది మాస్టారూ. మీ మాస్టార్లకు ఇది తెలీదా అని" అంది.

తెలీదని చెప్పమన్నాం. వేసవి సెలవుల్లో మేమూ వస్తాం, నేర్పమని అడుగు అన్నాం.