మూడు మెట్లు

నాలుగేళ్ల క్రితం మన బడి వార్షికోత్సవానికి మా నాన్నగారు వచ్చారు. తెనాలి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన రోజులవి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు చక్రాల కుర్చీయే ఆధారం. హాలు ముందు మూడు మెట్లు. నలుగురం కుర్చీతో సహా ఎత్తి లోపలికి చేర్చాం. మనవడి పద్యం విని మురిసిపోయారు. ఇంటికొచ్చాక మాత్రం, "అందరి ముందూ మోయించుకోవడం నా వల్ల కాదురా. ఇంకెక్కడికీ రాను" అన్నారు.

ఆ హాలు మా ఊరి నగరపాలక సంస్థది. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న స్థానిక ప్రభుత్వం ఇలాంటి అడ్డంకులను గుర్తించి, ఎప్పటికి తొలగిస్తుందో ప్రణాళిక తయారుచేయాలి. దానిపై ప్రజల మాట వినాలి. ఆ సమావేశానికి వెళ్లాను. అప్పటికి నేనింకా ఈ దేశ పౌరుణ్ణి కాను. అయినా 3 నిమిషాలు ఇచ్చారు. ఇక్కడి పెద్దవారిలో నలుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక వైకల్యం ఉందని చెప్పాను. అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవు కావాలి కనుక, 21 అంగుళాల మెట్లకు 21 అడుగుల ర్యాంపు అని లెక్క కూడా చెప్పాను. నాన్నగారి మాట చెప్పబోతే గొంతు పట్టేసింది.

పోయినేడాది ర్యాంపు కట్టారు. నాన్నగారు మళ్లీ రాలేకపోయారు. ఇప్పుడు ఆ దారిన అమ్మమ్మలు, తాతయ్యలు, పసిబిడ్డల బండ్లు నెట్టుకుంటూ తల్లులు వస్తున్నారు.

పిల్లలూ, ఎక్కడికెళ్లినా గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, "మా తాతయ్య ఇక్కడికి తనంతట తాను రాగలరా?" అని చూడండి. రాలేరనిపిస్తే పెద్దవాళ్లతో చెప్పండి.