సముద్రం చూడ్డానికి ఓ కుర్చీ

తెనాలిలో పొద్దున్నే రైలెక్కితే నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా గంట సేపట్లో బాపట్ల. అక్కడ ఆటో ఎక్కితే తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. తెనాలి, పొన్నూరు, గుంటూరు వాళ్లకి సముద్రమంటే ఇదే. చిత్రంగా రేపల్లె వాళ్లూ ఇక్కడికే వస్తారు. వాళ్ల ఊరికి సముద్రం దగ్గరే. కానీ నిజాంపట్నం వైపు వెళ్తే కనిపించేది రేవు, పడవలు, బురద కాలవలు, మడ అడవులు. కాళ్లు తడుపుకోవాలంటే మాత్రం ఇసుక తీరానికి రావాల్సిందే!

కార్తీకమాసం వస్తే ఇక చెప్పక్కర్లేదు. క్యారేజీల్లో పులిహోర, పెరుగన్నం, ఓ పాత దుప్పటి, పిల్లలకు రెండేసి జతల బట్టలు... ఇదీ సరంజామా. అక్కడికి వెళ్లాక చేసే పని ఒక్కటే... నీళ్లలో దిగడం. మరి దిగనివాళ్లో? ఆ ప్రశ్న ఎవరికీ పెద్దగా రాదు. ఎందుకంటే దిగలేనివాళ్లు చాలావరకు ఇంటి దగ్గరే ఉండిపోతారు.

తెనాలిలో ఓ ఇంట్లో అలా ఉండిపోయే మనిషి నాయనమ్మ. డెబ్భై దాటాయి. ఏటా కార్తీకంలో అందరికీ పులిహోర కలిపి డబ్బాల్లో సర్దేది ఆవిడే. ‘మీరెళ్లి రండిరా, ఇల్లు నేను చూసుకుంటా’ అనేదీ ఆవిడే. మోకాళ్ల నొప్పులని ఇంట్లో వాళ్లు అనుకునేవాళ్లు. అసలు సంగతి కొడుక్కి తెలుసు. కానీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఆవిడ పుట్టిల్లు రేపల్లె దగ్గర పల్లె. పెద్దక్కను కృష్ణ అవతల దివిసీమలో ఇచ్చారు. అప్పటికింకా వారధి లేదు. పెనుమూడి రేవులో పడవెక్కి దాటాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. అక్క కోసం వెతకడానికి వెళ్లిన నాన్న నాలుగు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. బావి దగ్గర నీళ్లు తోడుకుని తలమీద పోసుకున్నాడు. ఏం చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో మళ్లీ సముద్ర స్నానం అన్న మాట వినపడలేదు.

2004 డిసెంబరు 26... పౌర్ణమి ఆదివారం. సునామీ వచ్చిన రోజు. రాష్ట్రంలో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో మత్స్యకారులతోపాటు పున్నమి స్నానాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. టీవీలో అదే చూపిస్తుంటే ఆవిడ లేచి వెళ్లి కట్టేసింది. అంతే!

అలాంటి మనిషిని కదిలించింది మనవరాలు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుతోంది. 1945లో మొదలైన ఆ కాలేజీలో సీటొచ్చినప్పుడు అందరికన్నా సంబరపడింది నాయనమ్మే. ‘నేను చదివే ఊరు నువ్వింకా చూడనేలేదు. కాలేజీ చూద్దాం, భావనారాయణ స్వామి గుడికెళ్దాం, ఆ తర్వాత నీ ఇష్టం’ అంది పిల్ల. ఆవిడ కాదనలేకపోయింది. ఓ కార్తీక ఆదివారం అందరితోపాటు ఆవిడా రైలెక్కింది.

కాలేజీ అయింది, గుడి అయింది. సూర్యలంకలో ఆటో దిగాక అసలు కష్టం మొదలైంది. పొడి ఇసుకలో ఇరవై అడుగులు వేసేసరికి మోకాళ్లు మొరాయించాయి. కొబ్బరిబొండాల బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి మిగతావాళ్లు నీళ్ల వైపు పరుగెత్తారు. ఆవిడకు కనిపించేది జనం వీపులే. మధ్యమధ్యలో అల తెల్లగా మెరిసి మాయమవుతోంది.

కాసేపయ్యాక, ‘కుర్చీ కాస్త ముందుకు జరుపుతావా?’ అని మనవరాలిని అడిగింది. జరిపితే కాళ్లు ఇసుకలో దిగబడిపోయాయి. బండతను చూసి, తాగేసిన బొండాలు రెండు పగలగొట్టి, ఆ చెక్కలు కుర్చీ కాళ్ల కింద పెట్టాడు. ఇప్పుడు నీళ్లు కనిపిస్తున్నాయి. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకుంది మనవరాలు. దగ్గరగా వంగి వింటే... ‘ఒకటి, రెండు, మూడు, నాలుగు...’. నీళ్లలో ఉన్న కొడుకు, కోడలు, మనవడు, పక్కింటి కుర్రాడు. తలలు లెక్కపెట్టుకుంటోంది. అయిపోగానే మళ్లీ మొదటినుంచి. ఓసారి లెక్క మూడు దగ్గర ఆగింది. పక్కింటి కుర్రాడు లోపలికి వెళ్తున్నాడని ముందు చూసింది ఆవిడే. మనవరాలు కేకేస్తే ఒడ్డునున్న గజ ఈతగాళ్లు ఈల వేసి వెనక్కి పిలిచారు. అతను నవ్వుకుంటూ వచ్చాడు. ‘అక్కడ అలలు లేవు కదా నాయనమ్మా, అందుకే వెళ్లా’ అన్నాడు.

సరిగ్గా అక్కడే ఉంది ప్రమాదం. అలలు తెచ్చిపోసిన నీరు తిరిగి వెనక్కి పోవాలి కదా! నీళ్లడుగున ఉండే ఇసుక మేటల మధ్య సందు దొరికితే ఆ నీరంతా పాయలా కూడుకుని సముద్రంలోకి పరుగెడుతుంది. ఆ చోట లోతు ఎక్కువ కాబట్టి అల అంతగా విరగదు. పైకి ప్రశాంతంగా ఉంటుంది. ‘ఇక్కడ అలలు తక్కువ, పిల్లల్ని ఇక్కడ దించుదాం’ అనిపించే చోటు చాలాసార్లు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. కంగారుపడకుండా తేలుతూ, చెయ్యెత్తి కేకేస్తూ, తీరానికి సమాంతరంగా పక్కకు జరిగితే లాగుడు తగ్గుతుంది. అప్పుడు ఒడ్డుకు రావచ్చు.

పైగా కార్తీకం బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎక్కడో దూరాన లేచిన అలలు ఇక్కడికొచ్చి పడొచ్చు. అలల ఉద్ధృతి గురించి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ హెచ్చరికలు ఇస్తుంటుంది. వంటకు ముందు ఓసారి అవి చూసుకుంటే మంచిది.

తిరుగు రైల్లో అందరూ నిద్రలోకి జారుకున్నారు. చీరాల వైపు నుంచి వచ్చే గాలికి జుట్టు సర్దుకుంటూ ఆవిడ మనవరాలితో ఒకే ఒక్క మాట అంది... ‘ఈసారొచ్చేటప్పుడు ఓ మడతకుర్చీ తెచ్చుకుందామే’. ఈసారి! ఆ మాట విని, కళ్లు మూసుకుని ఉన్న కొడుకు కళ్లు తెరిచాడు.

నలభై ఏళ్లు దాటిన భయాన్ని కుర్చీ పోగొడుతుందా? పోగొట్టదు. కానీ భయం ఉన్న మనిషి కూడా సముద్రం ముందు కూర్చునే వీలు కల్పిస్తుంది. విశాఖ బీచ్‌రోడ్డులో సాయంత్రాలు చూడండి. పిట్టగోడ మీద కూర్చుని మరమరాలు తినే తాతలు, చక్రాల కుర్చీలో వచ్చే అమ్మమ్మలు... వాళ్లలో నీళ్లలో దిగేవాళ్లు ఎందరు? పుదుచ్చేరిలో సాయంత్రమైతే సముద్రం పక్క రోడ్డును వాహనాలు రాకుండా ఆపి నడిచేవాళ్లకే వదిలేస్తారు. దిగడం తప్ప వేరే పని లేని చోట అందరూ దిగుతారు. కూర్చునే చోటుంటే కొందరు కూర్చుంటారు. కూర్చున్న ప్రతి మనిషీ నీళ్ల మీద కాపలా ఉన్న ఒక జత కళ్లు!

అలాగని ఇసుక మీద కాంక్రీటు గోడ కట్టేస్తే సరిపోదు. పుదుచ్చేరిలోనే 1980ల చివర్లో రేవు కోసం సముద్రంలోకి కట్టిన అడ్డుగోడలు ఇసుక దారిని ఆపేశాయి. ఆ నడకదారి ముందున్న ఇసుక తీరం కరిగిపోయి, బండరాళ్లు పేర్చాల్సి వచ్చింది. మన తీరానికి ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, నిజాంపట్నం వైపు మడ అడవులే గోడ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఆ దిబ్బల్ని చదును చేసి కట్టే బాట మనల్ని కాపాడదు. దిబ్బల వెనక నుంచి చెక్కలతో వేసిన బాట, దాని చివర నీడ, నీళ్లు కనిపించేలా నాలుగు బెంచీలు... అంతకుమించి అక్కర్లేదు.

సూర్యలంక అభివృద్ధికి స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద కేంద్రం 2025లో 97 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఎన్ని హంగులు వచ్చినా సంతోషమే. కానీ ఆ పనులు బాగా జరిగాయో లేదో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న ఓ పెద్దావిడ ఆటో దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నీళ్లు కనిపించే చోటిదాకా వెళ్లి, తన వాళ్ల తలలు లెక్కపెట్టుకోగలిగితే చాలు.