లోపలి సంచి, బయటి సంచి

మా అన్న ఇల్లు షోలాపూర్‌లో కొంతం చౌక్ వెనక గల్లీలో. రెండు గదులు, ముందర రేకుల కింద రెండు సాంచాలు. పొద్దున ఆరింటికి సాంచాలు మొదలైతే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించదు. ఆ ఇంట్లో అసలు మాటలన్నీ కరెంటు పోయినప్పుడే నడుస్తాయి. మూత్రంలో రక్తం పడుతున్నదని అన్న చెప్పింది కూడా అట్లాంటి పూటే, 2021 చలికాలంలో. అప్పటికి మూడు నెలలుగా పడుతున్నదట. నొప్పి లేదు, మంట లేదు. ఒంట్లో వేడి అనుకుని సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. నొప్పి లేకుండా పడే రక్తాన్నే ఎక్కువ అనుమానించాలని తర్వాత డాక్టరు చెప్పగా విన్నాం.

మూత్రాశయంలో గడ్డ. కేన్సరు.

పద్నాలుగో ఏట అన్నను నూలుకు రంగులేసే కార్ఖానాలో పెట్టాడు మా బాపు. కాగే తొట్లలో చిలపలు ముంచి తీసే పని. ఇరవై రెండేళ్ళు చేశాడు. అన్నం కలుపుకునేటప్పుడు ఆ గోళ్ళలో ఒక వారం నీలం, ఒక వారం ఎరుపు. షోలాపూర్ చద్దరు రంగు పోదని పేరు కదా, అన్న చేతుల రంగూ పోదని మేము నవ్వుకునేవాళ్ళం. రంగుల కార్ఖానాలో పనిచేసేవాళ్ళకు మూత్రాశయం కేన్సరు వస్తున్నదని జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జను 1895లోనే చెప్పాడు. బెంజిడీన్‌తో తయారయ్యే రంగులను మన దేశంలో ఆపింది 1993లో, మరికొన్ని అజో రంగులను 1997లో. అన్న ఆ తొట్ల దగ్గర చేరింది 1973లో.

అయితే అన్నకు బీడీ కూడా ఉంది. ఈ కేన్సర్లలో సగం దాకా పొగాకు వల్లనే అంటారు. రంగు ఎంత, బీడీ ఎంత అని ఏ డాక్టరూ విడదీసి చెప్పలేదు. ఆ బీడీలు చుట్టింది మా వదినే. షోలాపూర్ తెలుగు ఆడవాళ్ళలో ఎంతమందికో అదే బతుకు. తునికాకు కత్తిరిస్తూ ఆమె ఒకసారి అన్నది: "నా చేతులతోనే ఇచ్చిన." మాలో ఎవరం జవాబు చెప్పలేదు.

మొదటి ఆపరేషనుకు కోత లేదు. మూత్రం వచ్చే దారినే సన్నని గొట్టం పంపి గడ్డను గీకి తీశారు. కండ దాకా పోలేదు గాని చెడ్డ రకం, మళ్ళీ మొలిచే జాతి అన్నారు. అట్లా మొలవకుండా బీసీజీ. చంటిపిల్లల భుజం మీద మచ్చ పడే టీకా ఉందే, ఆ మందే. కెనడాలో అల్వారో మొరాలెస్ అనే డాక్టరు దీన్ని తొమ్మిదిమంది రోగుల మూత్రాశయాల్లోకి వారానికొకసారి చొప్పున ఆరు వారాలు పంపి, 1976లో ఫలితం ప్రకటించాడు. ఇప్పటికీ మొదటి విడత ఆరు వారాలే. మన పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ ఈ మందు తయారుచేస్తుంది. క్షయ జాతి క్రిమిని నీరసపరిచి చేసిన మందు కనక జాగ్రత్తలు ఎక్కువ. రెండు గంటలు లోపల ఆపుకోవాలి. ఆ తర్వాత ఆరు గంటలసేపు, మూత్రం పోసినప్పుడల్లా పాయిఖానాలో బ్లీచింగు వేసి పావుగంట ఆగాలి. అన్న వాడకట్టులో నాలుగిళ్ళకు ఒకటే పాయిఖానా. ఆరు గురువారాలు బయట నిలబడ్డవాళ్ళకు వదిన ఆరు అబద్ధాలు చెప్పింది.

ఏడాది బాగానే ఉన్నాడు. 2023లో మళ్ళీ వచ్చింది. గీకారు, మళ్ళీ ఆరు వారాలు. 2024 ఎండాకాలంలో మూడోసారి. ఈసారి గడ్డతోపాటు పొర మీద చదునుగా పాకే రకం కూడా కనిపించింది. కండలోకి మాత్రం ఇంకా దిగలేదు. మూత్రాశయం తీసేయడమే మంచిదన్నాడు డాక్టరు. దానితోపాటు ప్రొస్టేటు గ్రంథి, వీర్యకోశాలు కూడా. చిన్నపేగులోంచి జానెడు లోపు ముక్క కోసి, మూత్రనాళాలను దానికి అతికి, కొసను పొట్ట మీదికి తెస్తారు. అక్కడ సంచి అతికించుకోవాలి, బతికినన్నాళ్ళూ.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. నేను బడిపంతులుగా చేసి రిటైరయినవాణ్ణి. ఇంట్లోకి ఇంగ్లీషు కాగితం వస్తే నా చేతికే. పుణెలో ఉన్న మా అబ్బాయి, లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో 2023లో వచ్చిన వ్యాసం ఒకటి తీసి పంపాడు. అమెరికా, కెనడాలలో మూడు చోట్ల 722 మంది రోగులు. 440 మందికి మూత్రాశయం తీసేశారు. 282 మందికి తీయకుండా, గడ్డను గీకి రేడియేషనూ కీమోథెరపీ కలిపి ఇచ్చారు. ఐదేళ్ళకు జబ్బు వేరే చోటికి పాకకుండా ఉన్నవాళ్ళు తీసినవారిలో నూటికి 74, ఉంచినవారిలో 75. తేడా లేనట్టే. ఉంచినవారిలో 38 మందికే తర్వాత తీయవలసి వచ్చింది. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి సాంచాలు ఆపించి మరీ అన్నకు చదివి చెప్పాను. "తీయించుకోకు, తీయక్కర్లేదని లెక్కలున్నయి" అన్నాను. అన్న మొహం విప్పారింది. ఆ మొహం ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు.

రెండో అభిప్రాయానికని రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై పోయాం. డాక్టరమ్మ ముందు నా కాగితం పెట్టాను. ఆమెకు చదవవలసిన అవసరం లేకపోయింది. "ఇది మీ అన్న జబ్బు గురించి కాదు" అన్నది హిందీలో. ఆ 722 మందీ గడ్డ కండలోకి దిగినవాళ్ళు. అందులోనూ ఏరినవాళ్ళు: ఒకటే గడ్డ ఉండాలి, ఏడు సెంటీమీటర్ల లోపు ఉండాలి, పొర మీద నలుదిక్కులా పాకి ఉండకూడదు. అన్నది కండలోకి దిగని జబ్బు, అయినా బీసీజీకి లొంగనిది, పొరంతా పాకుతున్నది. పేరొకటే, దారి వేరు. పైగా అది పాత రికార్డులు చూసి కట్టిన లెక్క; ఎవరికి ఏ వైద్యమో చీటీ వేసి చేసిన పరీక్ష కాదు. ఇంగ్లండులో అట్లా చీటీ వేసే పరీక్ష మొదలుపెడితే 45 మందే చేరారట, ఆపేశారు. అంత సంగతిని చీటీకి వదిలే మనుషులు ఎక్కడ దొరుకుతారు?

నేను అంకెలు చదివాను, ఆ అంకెలు ఎవరివో చదవలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు "ప్రశ్న మొత్తం చదివి జవాబు రాయండ్రా" అని చెప్పినవాణ్ణి.

అన్నలాంటివాళ్ళకు తీయకుండా దారే లేదా అంటే, ఉంది. ఆమే చెప్పింది. జెంసైటబీన్, డోసిటాక్సెల్ అనే రెండు పాత కీమో మందులను ఒకదాని వెంట ఒకటి మూత్రాశయంలోకే పంపుతారు. ఆరు వారాలు, తర్వాత నెలకొకసారి చొప్పున రెండేళ్ళు. అమెరికాలో 276 మంది లెక్క 2020లో వచ్చింది. రెండేళ్ళకు జబ్బు తిరిగి రానివాళ్ళు నూటికి 46. నరంలోకి ఎక్కించే పెంబ్రోలిజుమాబ్ అనే కొత్త మందు కూడా ఉంది, దాని ధర అడిగి ఊరుకున్నాం. ఉంచుకుంటే మూడు నెలలకోసారి గొట్టం వేసి చూడాలి. ఈ లోపల కండలోకి దిగితే, అప్పుడు తీసినా ఇప్పుడు తీసినంత ఫలితం ఉండకపోవచ్చు. పోనీ తీస్తే, అది చాలా పెద్ద ఆపరేషను. మొదటి మూడు నెలల్లో సగం మందికి పైగా ఏదో ఒక చిక్కు వస్తుంది, కొందరు పోతారు కూడా. ఆమె ఏదీ దాచలేదు.

తిరుగు రైల్లో దౌండ్ దాటేదాకా అన్న నోరు విప్పలేదు. తర్వాత అన్నాడు: "తమ్మి, ఒక పోగు తెగితే అతుకుత. పది తెగినా అతుకుత. పడుగే పుచ్చినంక ఎన్ని అతుకుత?" నూటికి 46 అంటే తక్కువేం కాదని నేను ఇంకా ఏదో చెప్పబోయాను. "నువ్వు సదివినోనివి. సంచి నాది" అన్నాడు. కాసేపటికి మళ్ళీ తానే, "మూణ్నెల్లకోపారి భయపడుడు నాతోని గాదు" అన్నాడు.

వదిన మాత్రం ఒప్పుకోలేదు. సంచి కట్టుకున్న మనిషి గుడికి ఎట్ల పోతడు? నూలు పున్నమినాడు మార్కండేయుని రథం ముందర ఎట్ల నడుస్తడు? వాసనొస్తే మనుమలు దగ్గరికి వస్తరా? ఇవేవీ నా కాగితంలో లేవు. ఆలుమగల మధ్య ఇంకొక సంగతి కూడా ఉంటుంది. దాన్ని ఆమె అనలేదు, అన్న అనలేదు, నేను అడిగే వరస కాదు. డాక్టర్లయినా అడగవలసింది. ఎవరూ అడిగినట్టు లేదు.

పేగుతో లోపలే కొత్త సంచి కుట్టే పద్ధతీ ఉంది. దానికి రాత్రుళ్ళు కూడా గడియారం పెట్టుకుని లేవాలి, కొందరు గొట్టం వేసి తీసుకోవాలి. అన్న ఆ మాట రెండోసారి విననే లేదు.

ఆపరేషనుకు ముందురోజు, సంచి ఎక్కడ రావాలో పొట్ట మీద గుర్తు పెట్టడానికి నర్సు వచ్చింది. పడుకోబెట్టి చూసింది, కూర్చోబెట్టి చూసింది, లుంగీ ఎక్కడ కడతారని అడిగింది. గుర్తు పెట్టాక అన్న "జర ఆగు సిస్టర్" అని మంచం దిగి, లేని సాంచా మీదికి వంగాడు. తెగిన పోగు అతికేటప్పుడు పొట్ట సాంచా ముందరి కమ్మికి ఆనుతుంది. సరిగ్గా ఆమె పెట్టిన గుర్తు దగ్గరే ఆనుతున్నది. ఆమె చెరిపి రెండు వేళ్ళు పైకి పెట్టింది. "కాకా, ఇంకోసారి వంగండి" అన్నది మరాఠీలో. మళ్ళీ చెరిపింది. మూడుసార్లు అట్లా అయింది. నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను. నా చేతిసంచిలో ఆ 722 మంది కాగితం ఇంకా ఉంది.

2024 అక్టోబరులో తీశారు. కోత దగ్గర చీము పట్టి పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాడు. తీసినదాన్ని పరీక్షిస్తే జబ్బు కండలోకి దిగలేదని వచ్చింది. అంటే సమయానికి తీశామా, తొందరపడ్డామా? ఆ రిపోర్టును రెండు రకాలుగానూ చదవవచ్చు. అన్న ఒకసారి చూసి మడిచి పెట్టెలో పెట్టాడు. నేనే అప్పుడప్పుడు తీసి చదువుతుంటాను.

ఇప్పుడు ఒక సాంచా కొడుక్కు ఇచ్చి, ఒకటి తను నడుపుతున్నాడు. నాలుగు రోజులకోసారి సంచి మార్చుకుంటాడు. ప్లాస్టిక్కు చెమటకు ఒరుస్తున్నదని వదిన టర్కీ టవలు ముక్కతో దానికి గలేబు కుట్టింది. ఒకటి కాదు, ఆరు కుట్టింది. బీడీలు చుట్టడం మానలేదు గాని, అన్నకు ఇవ్వడం మానింది.

మొన్న కరెంటు పోయినప్పుడు పక్క వాడకట్టు మనిషి ఒకాయన రిపోర్టులు పట్టుకుని వచ్చాడు. సంచి చూపించమంటాడేమో అనుకున్నాను. అన్న ఆయనను కూర్చోనైనా కూర్చోనివ్వకుండా అడిగాడు: "ఎన్నోపారి వచ్చింది? కండలకు దిగిందా, లేదా? బీసీజీ పెట్టిండ్రా?" ఆయన తెలియదన్నాడు. "అయితె మా తమ్మికి ఇయ్యి, సదువుతడు" అని, నా వైపు చూడకుండానే, "గాని మొత్తం సదువుమను" అన్నాడు.